సేఫ్టీ వాల్వుకు ఒకటిన్నర చుట్టు

ఆవిరి పని చేసి రిటైరైనవాడికి పది వేళ్లూ మిగిలితే అదే పెద్ద సర్టిఫికెట్ అనేవారు మా రోజుల్లో. నాకు పదీ ఉన్నాయి. ఎడమ మోచేతి కింద ఒక పాత మచ్చ తప్ప ఒంటి మీద ఏ గుర్తూ లేదు. అందుకని నేను గట్టి పనివాడినని చాలాకాలం నమ్మాను, నమ్మి ఊరుకోకుండా నలుగురికీ చెప్పుకున్నాను కూడా. నా చేతులు బాగానే ఉన్నాయి గానీ, నా చేతిపని వల్ల ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చిన ఉదయం ఒకటుంది. కాఫీ మెషిన్లు బాగుచేసే పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు చదవాలని దాని గురించి రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా నష్టం లేదు. మీ వంటింట్లో కూడా కుక్కరు ఉంటుంది కదా.

ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ మీద పనిచేశాను. గుజ్జు ఫ్యాక్టరీకి ఏడాదిలో రెండు మూడు నెలలే సీజను. ఆ రోజుల్లో తోతాపురి కాయలతో లారీలూ ట్రాక్టర్లూ గేటు బయట బారులు తీరి ఉంటాయి. ఆవిరి ఆగితే లోపల పని ఆగుతుంది. పని ఆగితే బయట ఎండలో కాయ కుళ్లుతుంది, రైతులు గేటు మీదికి వస్తారు. కాబట్టి సీజన్లో బాయిలర్ ఆర్పుదామనే మాట మా నోట రాకూడదు. ఎక్కడ కారినా సరే, మంట మండుతుండగానే, ప్రెషరు ఉండగానే బిగించాలి. తడి గోనెపట్టా చేతికి చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని పానా వేస్తుంటే, మా ఫోర్‌మన్ వెనకాల నిలబడి "ఇంగ అర సుట్టప్పా, ఇంగ అర సుట్టు" అంటూ ఉండేవాడు. కారడం ఆగితే భుజం తట్టేవాడు. ఎందుకు కారిందో సీజను అయ్యాక చూద్దామనేవాడు. సీజను అయ్యాక ఎవరూ చూసేవాళ్లు కాదు. ఆయన మంచివాడే, మాకు పని నేర్పినవాడే. కానీ ఆయన నేర్పిన పనిలో సగం ఇదే.

రిటైరయ్యాక రేణిగుంటలో ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకూ నాకూ పడలేదు. తిరుపతి హోటళ్లలో కాఫీ మెషిన్లు బాగుచేయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఇళ్లలోకి కూడా అవే మెషిన్లు రావడం మొదలైంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకునేవారు. ఎస్‌ప్రెస్సో మెషిను అంటారు. లోపల రెండు లీటర్లు పట్టే రాగి బాయిలర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో నేను కాపలా కాసిన బాయిలర్లో నలుగురు మనుషులు పడుకోవచ్చు. ఈ పిల్ల బాయిలర్‌ను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఏనుగును తోలినవాడికి మేకపిల్ల ఏం లెక్క అనుకునేవాడిని.

ఆ ఉదయం సంగతి జరిగిన ఇల్లు తిరుపతిలో. అత్తా కోడళ్లిద్దరూ ఉంటారు, కొడుకు ఉద్యోగం వేరే ఊళ్లో. కోడలు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకులో లోపాలు పట్టే క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. మనిషి నెమ్మది, కళ్లు మాత్రం నెమ్మది కాదు. అత్తకు దాదాపు నా వయసుంటుంది. మెషిను కొన్నది కోడలైనా ఏలుతున్నది అత్తే. నలభై ఏళ్లు ఫిల్టరు కాఫీ పెట్టిన చేయి, నెల రోజుల్లో ఈ మెషిన్ని లొంగదీసుకుందట. దాని పక్కనే కూరగాయలు తరుక్కుంటూ, దానికి బట్ట పెట్టి తుడుస్తూ ఉండేది.

"కింద నీళ్లు కారతా ఉండాయి సార్. ఎల్లుండి పొద్దున పలమనేరు నుంచి మా అత్త వాళ్ల అన్న వాళ్లు వస్తా ఉండారు, కొండకు పోయే ముందర మా ఇంట్లో దిగుతారు. ఆ లోపల బాగైపోవాల" అంది కోడలు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ఇది కొత్త కాదు. దర్శనానికి వచ్చే చుట్టమెవరైనా ముందు మన గడప తొక్కుతాడు, మనం కాఫీ ఇచ్చి కొండకు పంపాలి. ఎల్లుండి అనే మాట వినగానే నాలోని సీజను మనిషి లేచి కూర్చున్నాడు.

మెషిను మూత విప్పాను. అప్పుడది చల్లగా ఉంది, పొద్దుట్నుంచీ ఎవరూ వేయలేదు. ప్రెషరు చూపించే గేజి ముల్లు సున్నాలో ఉండాలి. సున్నాకు కాస్త పైన నిలబడి ఉంది. చూశాను. పాతది కదా, ముల్లు స్ప్రింగు వదులై ఉంటుందిలే అనుకున్నాను. స్విచ్ వేశాను. వేడెక్కాక ముల్లు మెల్లగా ఒకటి దాకా వచ్చి ఆగింది. ఉండాల్సింది అక్కడే. కాసేపటికి బాయిలర్ నెత్తి మీదున్న సేఫ్టీ వాల్వు నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు, సన్నగా ఆవిరి. లోపల ప్రెషరు దాదాపు రెండుకు చేరితే తప్ప ఆ వాల్వు తెరుచుకోకూడదు. గేజి చూస్తే ఒకటి అంటోంది, వాల్వు చూస్తే కారుతోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. నేను క్షణం కూడా ఆలోచించకుండా వాల్వుదే అబద్ధం అని తీర్పు ఇచ్చేశాను.

ఎందుకంటే వాల్వు అరిగి కారడం నేను వంద సార్లు చూశాను. కొత్తది రావాలంటే రెండు వారాలు పడుతుంది. ఎల్లుండి చుట్టాలు. వాల్వు నెత్తిన లాక్ నట్టు వదులు చేసి, లోపలి స్ప్రింగును ఒకటిన్నర చుట్టు బిగించాను. కారడం ఠక్కున ఆగిపోయింది. అత్త వంగి చూసి, "భలే చెయ్యప్పా నీది" అంది. నా భుజం మీద మా ఫోర్‌మన్ చెయ్యి పడినట్టే అనిపించింది. కొత్త వాల్వు తెప్పించి తర్వాత వేస్తానని చెప్పి, వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

ఎల్లుండి రానే వచ్చింది. పొద్దున ఏడుంబావు వేళ నేను ఇడ్లీ ముందు కూర్చున్నాను. కోడలు ఫోన్ చేసింది, వెనక నుంచి కంపెనీ బస్సు చప్పుడు వినబడుతోంది.

"సార్, థాంక్స్ చెప్దామని. ఒక్క బొట్టు కూడా కారలేదు. ఇంగోటి, ఆవిరి గొట్టం పెడితే పాలు కూడా భలే తొందరగా కాగతా ఉండాయి. ముందు నలభై సెకన్లు పట్టేది, ఈపొద్దు ఇరవైకే పొంగొచ్చినాయి."

"మంచిదమ్మా" అన్నాను. అని ఇడ్లీ తుంచాను. తుంచిన ముక్క నోటి దాకా పోలేదు.

అదే మెషిను, అవే పాలు. అవి సగం సమయంలో కాగాయంటే ఆవిరి రెండింతలు బలంగా వస్తోందని అర్థం. అంటే లోపల ప్రెషరు ఒకటి కాదు. చల్లటి మెషిన్లో సున్నాకు రాని ముల్లు అప్పుడు కళ్ల ముందుకు వచ్చింది. ఆ గేజికి ప్రెషరు తెలిసేది బాయిలర్ నుంచి వచ్చే ఒక సన్న రాగి గొట్టం ద్వారా. చాలినంత ప్రెషరు రాగానే హీటరును ఆపే స్విచ్చికీ అదే గొట్టం. తిరుపతి బోరు నీళ్లు బిందె అడుగున తెల్లటి పొర కట్టడం ఎవరికి తెలియదు? ఆ సున్నం గొట్టంలో పేరుకుంటే గేజికీ తెలియదు, స్విచ్చికీ తెలియదు. హీటరు ఆగదు. నేరుగా బాయిలర్ మీద కూర్చున్న వాల్వు ఒక్కటే ఉన్న మాట చెబుతోంది. దాని నోరు నేను కట్టేసి వచ్చాను.

"అమ్మా, మెషిను ఆపి వచ్చినావా?" అని అడిగాను.

"లేదు సార్. వేడెక్కడానికి అర గంట పడతాది గదా, మా అత్తకు కావాలని వేసే పెట్టినా. వాళ్లు ఎనిమిదికి వస్తారు."

"అత్తకు ఫోన్ చెయ్. వంటింట్లోకి పోవద్దని చెప్పు. మెయిన్ స్విచ్ ఆపమని చెప్పు. మెషిను ముట్టొద్దని చెప్పు."

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. రెండు నిమిషాల్లో మళ్లీ చేసింది. "ఎత్తలా సార్. పక్కింటోళ్లు కూడా ఊర్లో లేరు. బస్సు సత్యవేడు దావలో ఉండాది. ఏమైంది సార్?"

"నేను పోతా ఉండా" అన్నాను. చేయి కడుక్కోకుండానే బండి తీశాను.

రేణిగుంట నుంచి తిరుపతి ఎంత దూరమని? పది కిలోమీటర్లు. మామూలు రోజుల్లో పాట పాడుకుంటూ పోయే దారి. ఆ రోజు విమానాశ్రయం నుంచి వచ్చే కార్లు, స్టేషన్ నుంచి ఆటోలు, గోవింద నామాలు వేసుకుంటూ యాత్రికుల బస్సులు, అందరూ కలిసి నా ముందే పోతున్నారనిపించింది. ఒక సిగ్నల్ దగ్గర ఎర్రలైటు చూస్తూ నిలబడ్డాను. ఆవిరి తగిలిన ఒళ్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఫ్యాక్టరీలో ఒకతనికి తగిలింది. చొక్కా విప్పితే చొక్కాతో పాటు చర్మం వచ్చింది. మేం ఆయన్ని ఎత్తుకుని పరుగెత్తాం. ఆయన బతికాడు గానీ మళ్లీ పనిలోకి రాలేదు. ఆ రోజు కారుతున్న జాయింటును బిగించింది నేను కాదు, కానీ నేనైనా అలాగే బిగించేవాడిని. ఆ ముసలమ్మ మెషిను పక్కనే నిలబడి తరుక్కుంటుందన్నది గుర్తొచ్చి, సిగ్నల్ పడకముందే బండి ఉరికించాను. ఎవడో వెనక నుంచి తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను.

ఇంటికి చేరేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది, వాకిట్లో ముగ్గు వేసి ఉంది. మీటరు బోర్డు వరండాలోనే. ముందు మెయిన్ స్విచ్ లాగేశాను. లోపల ఫ్యాను ఆగింది.

"కరెంటు పోయిందే ఈ టయాన" అని ఆమె గొంతు వినబడింది. బతికే ఉంది. కరెంటు తీసేస్తే వేడి ఎక్కడం ఆగుతుందంతే, ఎక్కిన ప్రెషరు వెంటనే దిగదు. వంటింటి గుమ్మం దగ్గరికి పోయాను. ఆమె మెషినుకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ముందు పళ్లెంలో కరివేపాకు దూసి పెట్టుకుంది. ఒక చేతిలో పాల చెంబు, రెండో చేయి ఆవిరి తిప్పే పిడి మీద.

అరిస్తే ఉలిక్కిపడి తిప్పేస్తుందేమోనని గొంతు తగ్గించి, "అక్కా, ఆ పిడి ముట్టొద్దు. చెయ్యి తీసి ఇట్లా నా దగ్గరికి రా" అన్నాను.

"వచ్చినావా అప్పా, మంచి టయానికి వచ్చినావు. కూర్చో, కాఫీ…"

"కాఫీ వద్దక్కా. బయటికి పద."

"ఏమప్పా, ఏమైంది? పొయ్యి మీద పాలుండాయి. మా అన్నకు ఈ మెషిను కాఫీ పడదు, ఫిల్టరు కాఫీకని పెట్టినా. పొంగిపోతాయి."

"నేను సూసుకుంటా" అని చెయ్యి పట్టుకుని లాగాను. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుని లాగడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. ఆమె కళ్లు పెద్దవి చేసి నా మొహం చూసింది. ఏం కనిపించిందో గానీ, పాల చెంబు గట్టు మీద పెట్టి వరండాలోకి నడిచింది.

గ్యాసు మంట వదిలేసి రాలేను. మళ్లీ లోపలికి పోయాను. స్టవ్ మెషినుకు అవతల ఉంది, దాని ముందు నుంచే దాటాలి. మెషిను రేకు సన్నగా వణుకుతోంది, మీదున్న కప్పులు ఒకదానికొకటి తగిలి టిక్కు టిక్కుమంటున్నాయి. గేజి ముల్లు మాత్రం ఒకటి దగ్గర దర్జాగా నిలబడి ఉంది. ఇంత అబద్ధం ఇంత నింపాదిగా చెప్పినవాడిని మనుషుల్లో కూడా చూడలేదు. వంగి, గట్టు కింద చెయ్యి పెట్టి, సిలిండర్ కట్టేసి, వంగినవాడిని వంగినట్టే బయటికి వచ్చాను.

గుమ్మం దాటి పది అడుగులు వేశానో లేదో, లోపల ధన్‌మని చప్పుడు. దాని వెనకే బుస్సుమని ఆవిరి. కప్పులు కింద పడి పగిలిన మోత. వంటింటి గుమ్మంలోంచి తెల్లటి పొగలాగా ఆవిరి బయటికి పొర్లింది. బాయిలర్ అతుకు దగ్గరున్న గాస్కెట్, కుక్కరు మూతకుండే రబ్బరు లాంటిది, పేలిపోయి పక్క రేకును వంచేసింది. అది అలా రెండు మూడు నిమిషాలు కూసి కూసి తగ్గింది. ఆమె వరండా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

అంతా చల్లారాక ఇద్దరం లోపలికి పోయాం. గోడంతా తడి. ఆమె నిలబడిన చోట పళ్లెం అలాగే ఉంది. అందులో కరివేపాకు ఉడికి, నల్లబడి, పళ్లేనికి అంటుకుపోయి ఉంది. ఆమె ఒక రెబ్బ వేలితో ఎత్తి చూసి కింద పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

ఇంతలో పలమనేరు చుట్టాలు ఆటో దిగారు. జరిగిందంతా ఆమె చెబితే, వాళ్ల అన్న నా రెండు చేతులూ పట్టుకుని "స్వామే పంపినాడప్పా నిన్ను. నువ్వు రాకుంటే మా చెల్లెలు ఏమైపోయుండునో" అన్నాడు. వాళ్లంతా నాకు దణ్ణాలు పెడుతుంటే తల ఎత్తలేకపోయాను. వాళ్లు పెరట్లో కాళ్లు కడుక్కోవడానికి పోయినప్పుడు ఆమె దగ్గరికి పోయి, "అక్కా, స్వామి పంపలా. ఇది చేసి పెట్టింది నేనే" అని వాల్వు సంగతి చెప్పేశాను.

ఆమె పెరటి వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా, "కోడలికి చెప్పొద్దులే. దానికి కోపమొస్తే ఊరంతా చెప్తాది, నీకు పని లేకుండా పోతాది. స్విచ్చి కాలిపోయిందని నేను చెప్తా. నువ్వు వచ్చి లాగినావు గదా, అది చాల్లే నాకు" అంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట చాలా తియ్యగా వినిపించింది. అలాగేలే అక్కా అనబోయాను కూడా. మా ఫ్యాక్టరీలో తప్పులన్నీ ఇలాగే పోయేవి. స్విచ్చి కాలింది, పైపు పాతది, టైము బాగాలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పుకైనా మనిషి పేరు తగిలించడం నేను చూడలేదు. ఇంటికి పోయి పడుకుంటే ఎవరూ అడగరు. కానీ ఆ పళ్లెం ఇంకా గట్టు మీదే ఉంది. కోడలు వచ్చే దాకా కూర్చుంటానని చెప్పి, విరిగిన కప్పుల ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

ఆ పిల్ల పర్మిషన్ పెట్టి పదకొండుకల్లా వచ్చింది. ముందు అత్తను చేతులు, మొహం, మెడ అన్నీ తడిమి చూసింది. తర్వాత మెషిన్ని చూసింది. ఆ తర్వాత నన్ను. అత్త "స్విచ్చి…" అని మొదలుపెట్టింది. నేను అడ్డుపడి మొత్తం చెప్పాను.

తిడుతుందనుకున్నాను. పోలీసుల దాకా పోతానంటుందేమో అనుకున్నాను. ఆమె లోపలికి పోయి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"మా ఫ్యాక్టరీలో ఏదన్నా పొరపాటు జరిగితే, చేసిన మనిషే కూర్చోని రాయాల. ఎందుకు అని అయిదు సార్లు అడగతాం. మీరు కూడా రాయండి" అంది.

అరవై దాటినవాణ్ని, ఆ పిల్ల ముందు బడి పిల్లాడిలా కూర్చున్నాను. కోపం కూడా వచ్చింది. తిట్టి పంపేస్తే పోయేది కదా అనిపించింది. ఆమె ఎదురుగా కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

"గాస్కెట్ ఎందుకు పోయింది?"

ప్రెషరు ఎక్కువై, అని రాశాను.

"ప్రెషరు ఎక్కువైతే వాల్వు ఎందుకు తెరుచుకోలా?"

నేను బిగించినందువల్ల, అని రాశాను.

"ఎందుకు బిగించినారు?"

వాల్వు అరిగిందనుకుని.

"అరిగిందని ఎందుకు అనుకున్నారు? విప్పి చూసినారా?"

విప్పలేదు, గేజిని నమ్మాను అని రాశాను. రాశాక, ఆమె అడక్కుండానే, చల్లగా ఉన్నప్పుడు ముల్లు సున్నాలో లేకపోవడం చూశాను అని కూడా రాశాను. పెన్ను అక్కడే ఆగింది.

ఆమె ఆ వాక్యాన్ని రెండు సార్లు చదివింది. "చూసినారు. మరి ఎందుకు ఆగలేదు సార్?"

చుట్టాలు వస్తారన్నావు కదమ్మా అని రాయొచ్చు. కొత్త వాల్వు దొరకదని రాయొచ్చు. రెండూ నిజమే, రెండూ జవాబు కాదు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. పెరట్లో చుట్టాలు మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల తొందరపెట్టలేదు, లేచి పోనూలేదు. చివరికి రాశాను. ముల్లు ఎందుకలా ఉందో నాకు అర్థం కాలేదు. నాకు తెలియదు అని ఈ ఇంట్లో చెప్పడానికి నామోషీ అనిపించింది.

రాసి కాగితం ఆమె వైపు తిప్పాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. ముప్పై ఏళ్లలో నేను బిగించిన ప్రతి చుట్టు వెనకా ఆ రెండో వాక్యమే ఉందని అప్పుడు నాకు తెలిసింది.

ఆమె చదివింది. కింద సంతకం పెట్టమంది, పెట్టాను. కాగితం మడిచి, లేచి, వంటింట్లో మెషిను ముందు నిలబడి వంగిపోయిన రేకు మీద వేలు పెట్టి చూసింది. నేను పానాల సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"సార్" అని పిలిచింది వెనక నుంచి. "వాల్వు, గాస్కెట్, ఆ గొట్టం, అన్నీ కొత్తవే తెప్పించండి. రెండు వారాలైనా నెలైనా పర్లేదు. వచ్చినాక మీరే వచ్చి బిగించాల. ఇంగొకర్ని పిలవను."